నాన్నగారి కారును ఏం చేద్దాం?

పాత కుర్చీ కాలు విరిగితే వడ్రంగిని పిలుస్తారు. గోడ గడియారం ఆగిపోతే అలాగే ఉంచేస్తారు... అదేం తిండి అడగదుగా! పాత స్కూటరైతే ఏదో ఒకరోజు ఇనుప సామాన్లవాడి బండెక్కి వెళ్లిపోతుంది. మరి కారైతే? అదీ తండ్రి 37 ఏళ్లు నడిపిన కారు. అదీ తలుపు గట్టిగా లాగితే అంచు చేతిలోకి ఊడివచ్చేంతగా తుప్పు పట్టిన కారు. దాన్నేం చేయాలి?

బందరులోని ఓ డాక్టరుగారి కుటుంబాన్ని ఈ ప్రశ్న ఏడాదికి పైగా వేధించింది.

కారు 1966 నాటి అంబాసిడర్, మార్క్-2. లేత మీగడ రంగు. ముందు గళ్ల గ్రిల్లు, స్టీరింగు పక్కనే గేరు, కాలితో నొక్కితే లైట్లు డిమ్మయ్యే బటను, ముగ్గురు సుఖంగా సర్దుకునే పొడవాటి ముందు సీటు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చును తెచ్చుకుని కలకత్తా దగ్గర ఉత్తరపరలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో మొదలుపెట్టిన బండి ఇది. 2014 మేలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా చూపులకు పెద్దగా మారలేదు. మంత్రిగారికీ అదే, పెళ్లివారికీ అదే, అద్దెకు తిరిగే టాక్సీవాడికీ అదే. 1960ల్లో కారు కొనడమంటే చేతిలో డబ్బుంటే చాలదు, బుక్ చేసుకుని కూర్చోవాలి. డాక్టరుగారు మూడేళ్లు ఎదురుచూశారు. పెద్దబ్బాయి అక్షరాభ్యాసం నాటికి వస్తుందనుకున్న కారు వాడు రెండో తరగతికి వెళ్లాక వచ్చింది.

2003లో కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన స్టీరింగు పట్టడం మానేశారు. కానీ ప్రతి ఆదివారం పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి ఇంజను స్టార్టు చేసి, పది నిమిషాలు ఉంచి, ఆపేసి వచ్చి కాఫీ తాగేవారు. 2009లో బ్యాటరీ పోయింది. కొత్తది వేయించలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. 2019లో, తొంభై ఒకటో ఏట ఆయన పోయారు. కారు మాత్రం రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది. వారసులకు సంక్రమించిన ఆస్తుల్లో దానిపేరు ఎవరూ రాయలేదు. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి, బ్యాంకులో ఉన్నది ఎవరికి... అన్నీ తేలాయి. కారు ప్రస్తావనే రాలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున, ఆ గాలికి షెడ్డు పైరేకులు నాలుగు ఎగిరి పక్కింటి కొబ్బరిచెట్ల మధ్య పడ్డాయి. టార్పాలిన్ పీలికలైంది. రెండు రోజులు కారు వానలో తడిసింది. మళ్లీ షెడ్డు వేయించాలా, కారునే తీసేయాలా? అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చిన మాట నోట్లోంచి బయటికి రాక తప్పలేదు.

2024 సంక్రాంతికి అందరూ ఇంటికి చేరారు. ఇంట్లో ఎంతమందో అన్ని అభిప్రాయాలు.

డాలస్‌లో ఉండే రెండో అబ్బాయి ఫోనులో ఎవరివో మెరిసిపోతున్న అంబాసిడర్ ఫొటోలు చూపించాడు. "అన్నయ్యా, డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు, నేను పంపిస్తాను. షోరూం నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉండాలి" అన్నాడు. హైదరాబాద్‌లో ఉండే చెల్లెలికి ఆ మాట నచ్చలేదు. "నాన్నే లేరు, కారెందుకు? ఆ పెట్టే డబ్బేదో అమ్మ గదికి ఏసీ పెట్టించండి. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు లేవు. మొన్న కాలు జారబోయిందట, మీకెవరికైనా తెలుసా?" అంది. ఎవరికీ తెలియదు. ఇంజినీరింగ్ చదివే మనవడు "ఇంజను పీకేసి ఎలక్ట్రిక్ మోటారు పెట్టేద్దాం" అన్నాడు. పక్కింటాయన ఇంకో దారి చూపించారు. విజయవాడ రోడ్డు మీద కొత్తగా పెట్టిన హోటలువాళ్లు గుమ్మం ముందు అలంకారానికి పాత కారు కోసం చూస్తున్నారట. రంగేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, బానెట్టు మీద పూలకుండీలు పెడతారట!

పెద్దబ్బాయి ఏమీ అనలేదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. తల్లితో పాటు ఆ ఇంట్లో ఉండేది అతనూ, అతని భార్యా. కారును బాగుచేయిస్తే కడగాల్సిందీ, తుడవాల్సిందీ, ఇన్సూరెన్సు కట్టాల్సిందీ అతనే. పంపేవాళ్లు డబ్బు పంపుతారు, కోరేవాళ్లు ఫొటో పంపమంటారు. మిగతాదంతా దగ్గరున్నవాడి నెత్తిన పడుతుంది. ఇలాంటి విషయాల్లో ముందు అడగాల్సింది దగ్గరున్నవాణ్నే. చివర్లో అడుగుతారు.

అతను చేసిన తెలివైన పని ఒక్కటే. ఎవరి మాటా కాదనలేదు, ఔననలేదు. "ముందు కారు కింద ఏముందో చూద్దాం" అన్నాడు.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక టింకరు మేస్త్రిని పిలిపించారు. అరవై దాటిన మనిషి. పన్నెండో ఏట పనిలో చేరి అంబాసిడర్ల మీదే సుత్తి పట్టడం నేర్చుకున్నవాడు. అతని సంచిలో ఉన్నవి మూడే... టార్చిలైటు, చెవులకు పెట్టుకునే స్పీకరులోంచి తీసినంత చిన్న అయస్కాంతం, మొన అరిగిపోయిన స్క్రూడ్రైవరు. వచ్చినవాళ్లంతా బానెట్టు ఎత్తి ఇంజను చూస్తారు. మేస్త్రి అటు కన్నెత్తి చూడలేదు. గోనెసంచి పరచుకుని కారు కిందికి దూరాడు.

"ఇంజను ఎక్కడైనా దొరుకుద్ది సార్. నేల దొరకదు" అన్నది లోపలి నుంచి వినబడిన మొదటి మాట.

ఆ మాటకు అర్థం ఉంది. లారీకి, పాత జీపుకు కింద ఛాసిస్ అని విడిగా ఇనుప చట్రం ఉంటుంది. దాని మీద బాడీ కూర్చోబెడతారు. బాడీ పాడైతే ఊడదీసి ఇంకోటి బిగించుకోవచ్చు. అంబాసిడర్‌కు అలా విడి చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింద ఇరువైపులా పొడవునా ఉండే పెట్టెల్లాంటి గట్లు, అడ్డంగా వేసిన దూలాలు... ఇవన్నీ అతికి ఒక్కటైతేనే అది కారు. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు నేల కింద ఉండే అడ్డదూలానికి బిగించి ఉంటాయి. వెనక బరువు ఆకు స్ప్రింగుల మీద పడుతుంది. ఆ స్ప్రింగుల కొసలు పట్టుకున్న చోట రేకు తినేసిందంటే, పైన ఎంత నిగనిగలాడే రంగేసినా లాభం లేదు. పునాది పోయిన ఇంటికి సున్నం వేసినట్టే.

మేస్త్రి అయస్కాంతాన్ని తలుపుల కింది గట్టు మీద పెట్టాడు. అతుక్కోలేదు, జారి పడింది. "ఇక్కడ రేకు లేదు సార్, పుట్టీ ఉంది" అన్నాడు. జానెడు అవతల పెట్టాడు. అతుక్కుంది. ఇంకో జానెడు... మళ్లీ జారింది. అలా కారు చుట్టూ తిరుగుతూ సుద్దముక్కతో గీతలు గీశాడు. రేకు ఉన్నచోట అడ్డగీత, పుట్టీ ఉన్నచోట సున్న. చివరికి చూస్తే సున్నలే ఎక్కువ. తర్వాత స్క్రూడ్రైవరుతో పొడవడం మొదలుపెట్టాడు. మంచి ఇనుమైతే టంగుమంటుంది. తుప్పైతే చప్పుడు లేకుండా దిగిపోతుంది. డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట స్క్రూడ్రైవరు పిడిదాకా దిగింది. మనవడి ముఖం పాలిపోయింది. అప్పటిదాకా అతనికి తుప్పు అంటే పైన కనిపించే ఎర్రటి మచ్చ!

తుప్పు పైనుంచి లోపలికి రాదు. చాలాసార్లు లోపలి నుంచే పైకొస్తుంది. రెండు రేకులు కలిసి అతికిన సందులోకి, పెట్టెలాంటి గట్టు లోపలికి చెమ్మ చేరితే ఆరే దారి ఉండదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది. అంతకుముందు పట్టినదానికన్నా ఎన్నో రెట్లు చోటు కావాలి దానికి. అందుకే అతుకులు విచ్చుకుంటాయి, రంగు బొబ్బలెక్కుతుంది. బొబ్బ పైకి కనిపించేసరికి లోపల పని సగం పూర్తయిపోయి ఉంటుంది. అల్యూమినియం మీద పట్టే పొర గట్టిగా అంటుకుని లోహాన్ని కాపాడుతుంది. ఇనుముకు ఆ అదృష్టం లేదు. తుప్పు పొరలుగా రాలిపోయి కొత్త ఇనుమును మళ్లీ గాలికి, నీటికి అప్పగిస్తుంది. దానికి ఉప్పు తోడైతే ఇక చెప్పేదేముంది? బందరు సముద్రపు గాలిలో కిటికీ చువ్వలు ఎంతకాలం మన్నుతాయో ఆ ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కానీ మేస్త్రికి ఎక్కడో తేడా కొట్టింది. "షెడ్డులో పెట్టిన బండి సార్ ఇది. గాలికి పట్టిన తుప్పు ఇలా ఉండదు. ఈ బండి ఎప్పుడో ఉప్పునీళ్లలో దిగింది" అన్నాడు.

దిగింది. ఆ కథ పిల్లలకు కొంతే తెలుసు. పూర్తిగా తెలిసినాయన వీధి చివర ఉంటారు. డాక్టరుగారి దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసిన కాంపౌండరు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. పదివేల మందికి పైగా పోయారు. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. దారులు కాస్త తెరిపినపడ్డాక డాక్టరుగారు వెనక సీటు తీయించి షెడ్డులో పడేసి, ఆ చోటంతా సెలైన్ సీసాలు, కలరా సూదిమందుల పెట్టెలు నింపి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు బయల్దేరారు. పొద్దున వెళ్లడం, చీకటిపడ్డాక రావడం. అలా డిసెంబరు దాటేదాకా. రోడ్డు ఉన్నచోట రోడ్డు మీద, లేనిచోట ఉప్పు బురదలో. చాలాచోట్ల జనం వెనకనుంచి తోసేవారు. సాయంత్రం తిరిగొచ్చేముందు కాంపౌండరు ఏ చెరువు దగ్గరో ఆగి రెండు బకెట్ల నీళ్లు కారు కింద కొట్టేవాడు. "బురద పోతుందని కొట్టేవాణ్ని. ఆ చెరువుల్లో నీళ్లూ ఉప్పేనని అప్పుడు తట్టలేదు" అన్నారాయన, తప్పు తనదే అన్నట్టు. యాభై ఏళ్ల కిందటి బకెట్ల నీళ్లకు ఇప్పుడు చింతించే మనిషి!

మేస్త్రి అనుమతి అడిగి ఎడమవైపు గట్టు మీద చేతివెడల్పున పుట్టీ కొట్టేశాడు. కింద ఒక రేకు అతుకు. అది పాతికేళ్లనాటిది అయ్యుంటుందన్నాడు. దాని కింద ఇంకో అతుకు, ఇంకా పాతది, గ్యాసు వెల్డింగు. దాన్నీ కొంచెం వంచి టార్చి కొడితే లోపల మూడో అతుకు కనిపించింది. అది కారు రేకు కాదు. ఏదో నూనె డ్రమ్ము కోసి తీసిన ముక్క. పసుపు రంగు మీద సగం చెరిగిన ఇంగ్లిషు అక్షరాలు రెండు ఇంకా ఉన్నాయి. ఉప్పెన తర్వాతి ఏడు బందరులో ఎవరో టింకరు దొరికిన రేకుతో దొరికినట్టు అతికిన పని అది. ఇప్పుడు అది కూడా జల్లెడైపోయింది.

రెండో అబ్బాయి దాన్ని ఫొటో తీసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. షోరూం నుంచి వచ్చినట్టు ఉండాలన్న మాట ఆ తర్వాత అతని నోట మళ్లీ వినబడలేదు.

ఎందుకంటే అక్కడే అసలు చిక్కు బయటపడింది. "ఒరిజినల్‌గా చేయిద్దాం" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. ఏది ఒరిజినల్? 1966లో ఉత్తరపర నుంచి వచ్చిన రేకా? అది చాలాచోట్ల ఎప్పుడో పోయింది. డాక్టరుగారు 37 ఏళ్లు అతికించి, అతికించి నడిపిన బండి ఇది. ఆయన ఒక్కసారీ దీన్ని కొత్తదాన్ని చేయాలనుకోలేదు. మర్నాడు పొద్దున విజిట్‌కు వెళ్లడానికి పనికొస్తే చాలనుకున్నారు. షోరూం కారులా మార్చాలంటే ముందు తీసిపారేయాల్సింది ఆయన చేయించిన మరమ్మతులనే!

చట్టం కూడా ఈ 'ఒరిజినల్' మాట దగ్గరే పట్టుబడుతుంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాల కోసం కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా ఆ రిజిస్ట్రేషన్‌కు 20 వేలు రుసుము. పదేళ్లు చెల్లుతుంది. తర్వాత పొడిగించడానికి 5 వేలు. కొత్త నంబరు తీసుకునేవాటికి ప్లేటు మీద 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరై ఉన్నవి పాత నంబరే ఉంచుకోవచ్చు. డాక్టరుగారి పాత మూడక్షరాల నంబరు పోదని తెలిసి ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ షరతులున్నాయి. ఇంజనుగానీ ఛాసిస్ లేదా బాడీగానీ గణనీయంగా మార్చినవి వింటేజ్ కిందికి రావు. మనవడి ఎలక్ట్రిక్ మోటారు అక్కడితో ఆగింది. పైగా వింటేజ్ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు అయితే సరే. అమ్మను గుడికి తీసుకెళ్లడం ప్రదర్శన కిందికి వస్తుందా అని చెల్లెలు అడిగింది. నవ్వులాటకే అడిగింది. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో దారి మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడం. దానికి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. 15 ఏళ్లు దాటిన కార్లకు 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో మళ్లీ రెట్టింపైంది. ఆలస్య రుసుము, హరిత పన్ను వేరే. డబ్బు మాట ఎలా ఉన్నా, స్క్రూడ్రైవరు పిడిదాకా దిగే నేలతో ఏ పరీక్షా నెగ్గదు. నెగ్గకూడదు కూడా.

ఇంజను సంగతి మాత్రం అందరికీ ఊరట. 1980ల్లో పెట్రోలు ధర భరించలేక చాలామంది అంబాసిడర్లకు డీజిలు ఇంజన్లు పెట్టించుకున్నారు. డాక్టరుగారికీ ఎందరో చెప్పారు. "అర్ధరాత్రి పేషెంటు ఇంటిముందు ఆ మోతతో ఆగితే రోగంలేనివాడు కూడా లేచి కూర్చుంటాడు" అని ఆయన ఒప్పుకోలేదు. అందుకే ఆర్సీ పుస్తకంలో ఉన్న నంబరే ఇంజను మీదా ఉంది. అదే 1489 సీసీ పెట్రోలు ఇంజను. స్పార్కు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, వారం రోజులు నాననిచ్చి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పితే కదిలింది. బ్యాటరీ పెట్టి ఒక్కసారిగా తిప్పి ఉంటే లోపల రింగులు విరిగేవని మేస్త్రి తెచ్చిన మెకానిక్ చెప్పాడు. ఆదివారం ఆదివారం పది నిమిషాలు స్టార్టు చేసిన ఆ అలవాటు గురించి అడిగితే నవ్వాడు. "దానివల్ల ఇంజను బతికింది, సైలెన్సరు చచ్చింది సార్" అన్నాడు. బండి కదలకుండా కాసేపు తిరిగి ఆగితే పొగలోని నీటి ఆవిరి బయటికి పోయేంత వేడెక్కదు. గొట్టంలోనే నీరై నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ మార్చాల్సిందేనన్నాడు. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు ఆనాటి రబ్బరు ఆగదు.

ఇక ఖర్చు. బాడీకి మూడున్నర లక్షలు. ఇంజను, బ్రేకులు, వైరింగు, టైర్లు, అద్దాల రబ్బర్లు, బంపర్ల మెరుగు కలిపి ఇంకో రెండున్నర. "ఆరుకి మొదలుపెడితే ఎనిమిదికి తేలుద్ది సార్. ఇసుక కొట్టి రంగు దించాక కొత్త చిల్లులు కనబడతాయి. అమ్ముకుంటే ఇందులో సగం కూడా రాదు. ఇది ముందే చెప్తున్నా, తర్వాత నన్నేం అనొద్దు" అన్నాడు మేస్త్రి. గిరాకీ వచ్చినప్పుడు ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇంకో చవక దారీ ఉందని ఎవరో డాలస్ అబ్బాయి చెవిన వేశారు. మంచి బాడీ ఉన్న అంబాసిడర్ ఒకటి కొని, పాత కారులోంచి ఛాసిస్ నంబరు ఉన్న ముక్క కోసి దానికి అతికించేస్తే సరి! రెండు లక్షల్లో పని అయిపోతుంది. పెద్దబ్బాయి ఏడాది మొత్తంలో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. "ఒకటి, అది నేరం. రెండు, అప్పుడది ఎవరి నాన్న కారు? వాళ్లెవరి నాన్నదో మన షెడ్డులో పెట్టుకుని, మన నంబరు తగిలించుకుని దండలు వేస్తామా?" అన్నాడు ఫోనులో. అవతలివైపు కాసేపు నిశ్శబ్దం. "సరే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

ఇన్ని చర్చల్లో ఒక మనిషిని ఎవరూ అడగలేదు. అమ్మను. అడగక్కర్లేదనుకున్నారు. నాన్న జ్ఞాపకం కదా, అమ్మకు ప్రాణం కదా, అందుకే కదా ఇదంతా... అని ఎవరికి వారు అనుకున్నారు. తమ్ముడైతే అమ్మ కోసమే చేయిస్తున్నానని స్నేహితులకు కూడా చెప్పాడట.

ఓ సాయంత్రం పెద్దకోడలు చిక్కుడుకాయలు ఒలుస్తూ మామూలుగా అడిగింది. "అత్తయ్యా, కారు బాగుచేయిస్తే మీకు సంతోషమేనా?"

ఎనభై అయిదేళ్ల ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఆ కారులో ముందు సీట్లో నేను కూర్చున్నది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చమ్మా. ముందు కాంపౌండరు, లేకపోతే పేషెంటు తాలూకు మనిషి. మేం వెనక. సినిమాకి బయల్దేరితే దారిలో ఎవరో చెయ్యెత్తేవారు. మమ్మల్ని అక్కడే దింపేసి రిక్షాలో వెళ్లమనేవారు. ఎన్ని సినిమాలు సగం నుంచి చూశానో! ఆయన కారు అది. ఊరిది. నాదెప్పుడూ కాదు" అంది. కోపంగా కాదు, ఫలానా ఏడు వానలు పడలేదన్నంత మామూలుగా.

కోడలు ఆ రాత్రి ఈ మాట భర్తకు చెప్పింది. అతను నిద్రపోలేదు.

అమ్మ కోసం అన్న కారణం పోయింది. డబ్బు గిట్టుబాటు అన్న కారణం మొదటి నుంచీ లేదు. ఇక మిగిలింది తన కోసం. అరవై అయిదేళ్ల మనిషికి తన కోసం ఇంత ఖర్చు పెట్టడానికి సిగ్గేసింది. మధ్యతరగతి ఇళ్లలో ఇంటి పెద్దకొడుకులకు ఇది మామూలే. పిల్లల కోసమో, తల్లిదండ్రుల కోసమో అని చెప్పుకోగలిగితే ఎంతైనా ఖర్చు పెడతారు. తనకు ఇష్టం అని చెప్పాలంటే నోరు రాదు. అతనికి కారు నేర్పింది తండ్రి, ఆ కారు మీదే, బందరు కోటకు పోయే దారిలో. ఆయన తిట్టకుండా నేర్పిన పని జీవితంలో అదొక్కటేనట.

మర్నాడు అతను చేసింది చాలా చిన్న పని. చెల్లెలు చెప్పిన ఏసీ తన డబ్బుతో పెట్టించాడు. బాత్రూంలో రాడ్లు బిగించారు. జారే టైల్సు తీయించి గరుకువి వేయించాడు. అది పూర్తయ్యాకే మేస్త్రికి ఫోను చేశాడు.

బేరం కొత్తగా కుదిరింది. మెరిసే కారు వద్దు. బరువు మోసే భాగాలు మాత్రం రాజీలేకుండా చేయాలి. నేల, రెండు గట్లు, అడ్డదూలం, స్ప్రింగుల కొసలు. పుట్టీతో పూడ్చడం లేదు, కుళ్లిన రేకు కోసేసి సరైన మందం కొత్త రేకు అతకాలి. గట్లు కోసేముందు తలుపుల ఖాళీల్లో ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డింగు చేసి బిగించాలి. లేకపోతే బాడీ నడుం జారి తలుపులు మళ్లీ జన్మలో మూసుకోవని మేస్త్రే చెప్పాడు. పెట్టెల లోపలికి మైనం లాంటి మందు పట్టించాలి. తమ్ముడు పంపే డబ్బు దీనికి. ఇంజను, బ్రేకులు వచ్చే ఏడు, అన్నయ్య పెన్షన్‌లోంచి. రంగు సంగతి ఆ తర్వాత ఎప్పుడో.

ఇంకో షరతు కూడా రాసుకున్నారు. ఇసుక కొట్టాక అడ్డదూలం, టార్షన్ బార్లు పట్టే చోటు పూర్తిగా పోయాయని తేలితే పని అక్కడితో ఆపేయాలి. అప్పుడు ఇంజను, స్టీరింగు ఇంట్లో ఉంచుకుని మిగతాది నడుస్తున్న ఇంకో అంబాసిడర్‌కు విడిభాగాలుగా ఇచ్చేయాలి. హోటలు ముందు మాత్రం పెట్టకూడదు. తమ్ముడు, చెల్లెలు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇలా ముందే ఒక గీత గీసుకోవడం మంచిదైంది. పాత కారు పని మొదలెట్టాక ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు ఉండరు. పెట్టిన లక్ష కోసం ఇంకో లక్ష పెట్టిస్తుంది అది.

రంగు లేకుండా అన్న మాటకు మేస్త్రి ఒక్కడే నొచ్చుకున్నాడు. "అతుకులు కనబడేలా బండి బయటికి పంపితే ఆటోనగర్‌లో నా పరువేం కాను సార్?" అన్నాడు. రెడ్ ఆక్సైడ్ మీద మీగడ రంగు ఒక్క పూత వేసేందుకు రాజీ కుదిరింది. నూనె డ్రమ్ము ముక్క మాత్రం పారేయొద్దని, కోసి పక్కన పెట్టమని పెద్దబ్బాయి చెప్పాడు. దాన్నేం చేస్తాడో ఇంకా తేల్చుకోలేదు. మేస్త్రికి ఈ చదువుకున్నవాళ్ల పద్ధతులు బోధపడలేదు. సరే అన్నాడు.

2025 సంక్రాంతి వెళ్లాక ఓ బుధవారం నాడు కారును ఎక్కించుకోవడానికి లారీ వచ్చింది. చక్రాలు పట్టేసి ఉన్నాయి. అటు నలుగురు, ఇటు నలుగురు పట్టి, కింద గుండ్రటి గొట్టాలు వేసి దొర్లిస్తూ బయటికి తెచ్చారు. వీధిలోవాళ్లంతా అరుగుల మీదికి వచ్చారు. కాంపౌండరుగారు కర్ర పట్టుకుని వచ్చి, ఎవరూ అడగకపోయినా, తాడు ఎక్కడ కడితే రేకు చిరగదో చెబుతూ నిలబడ్డారు. కోడలు నిమ్మకాయ దిష్టి తీసింది. డాలస్‌లో అర్ధరాత్రి అవుతున్నా తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు, ఫోను మనవడి చేతిలో ఊగుతోంది.

అంతలో వరండాలోంచి అమ్మ పెద్దకొడుకును పిలిచింది. ఏం గుర్తొచ్చి బాధపడుతోందో అని గబగబా వెళ్లాడు.

"ఆ మేస్త్రికి చెప్పు నాయనా, వెనక సీట్లో ఎడమవైపు స్ప్రింగు ఒకటి పైకి లేచి గుచ్చుకుంటుంది. ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు. ముందు అది చూడమను" అంది.